పైసల్లేని పత్తాలు

బోర్డ్ గేమ్స్ ఆడే బ్యాచ్ దగ్గర కూర్చుంటే ఒక మాట తరచూ వినిపిస్తుంది: క్యాజువల్ గేమర్స్. అంటే రూల్ బుక్ చదవనివాళ్లు, ఆట మధ్యలో ఫోన్ చూసుకునేవాళ్లు, గెలిచినా ఓడినా చాయ్ తాగి లేచిపోయేవాళ్లు. "ఈ గేమ్ క్యాజువల్స్‌కి ఎక్కదు" అని ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చేస్తారు. రేస్ ఫర్ ద గెలాక్సీ అనే ఆటకి ఆ సర్టిఫికెట్ ఎప్పుడో వచ్చేసింది. హాస్టల్‌లో ఒక సీనియర్ పాసవుట్ అవుతూ తన డబ్బా నాకు సగం రేటుకి అమ్మినప్పుడు కూడా అదే చెప్పింది. "ఇంటికి తీసుకెళ్లకు, ఎవరూ ఆడరు."

ఎండాకాలం సెలవులకి తీసుకెళ్లాను. నెల రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు ఊళ్లలో తొమ్మిది మందితో ఆడాను. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడు ఊళ్లూ వరంగల్ జిల్లావే. ఇప్పుడు మూడు జిల్లాలు, మా చుట్టాలు మాత్రం అట్లనే ఉన్నారు. ఆడనిది ఒక్క మా ఇంట్లోనే. మా ఇంట్లో పత్తాలు నిషేధం. ఎందుకో మానుకోట దగ్గరికి వచ్చాక చెప్తాను.

ముందు ఆట సంగతి. దీన్ని టామ్ లేమన్ డిజైన్ చేశాడు, 2007లో వచ్చింది. ఇద్దరి నుంచి నలుగురు ఆడొచ్చు. ప్రతి ఒక్కరిదీ ఒక చిన్న అంతరిక్ష సామ్రాజ్యం. ముక్కల మీద గ్రహాలు, కట్టడాలు ఉంటాయి. వాటిని చేతిలోంచి తీసి ముందర పరుచుకుంటూ పోవాలి. ఎవరి ముందరైనా పన్నెండు ముక్కలు పడితే ఆ రౌండ్‌తో ఆట బంద్. పాయింట్ల బిళ్లలు అయిపోయినా బందే. ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్లు గెలిచినట్టు.

అసలు మెలిక డబ్బుల దగ్గర ఉంది. ఈ ఆటలో విడిగా డబ్బులు ఉండవు. చేతిలో ఉన్న ముక్కలే డబ్బులు. నాలుగు ఖరీదున్న గ్రహం కావాలంటే చేతిలోంచి ఇంకో నాలుగు ముక్కలు పారేయాలి. ఆ నాలుగింట్లో కూడా మంచి గ్రహాలే ఉండొచ్చు. ఒకటి దక్కాలంటే నాలుగు వదులుకోవాలి. ముక్కలే డబ్బులనే పద్ధతి 2004లో వచ్చిన సాన్ వాన్ అనే ఆటలో కూడా ఉంది. దీంట్లో మాత్రం ప్రతి రౌండ్‌లో నొప్పి తెలుస్తుంది.

రెండో మెలిక: ప్రతి రౌండ్‌లో అందరూ ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా, ఏ పని జరగాలో ఎంచుకుంటారు. పనులు ఐదు. ఎంచుకున్న పని అందరికీ జరుగుతుంది, ఎంచుకున్న మనిషికి మాత్రం కొంచెం లాభం ఎక్కువ. ఎవరూ ఎంచుకోని పని ఆ రౌండ్‌లో ఎవరికీ జరగదు. కాబట్టి పక్కవాళ్లు ఏం ఎంచుకుంటారో పసిగడితే అది మీకు ఉత్తగనే దొరుకుతుంది, మీరు ఇంకోటి ఎంచుకోవచ్చు.

జనగామ

మా ఇంట్లో కుదరదు కాబట్టి ఫ్రెండ్ వాళ్ల డాబా మీద ఆడాం. ముగ్గురూ ఇంటర్ దాకా నాతో చదివినవాళ్లే. ఒకామె నర్సింగ్ చేస్తోంది, ఒకామె చీరల షాపులో బిల్లింగ్, ఒకామె గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. ముగ్గురిలో ఒక్కరు కూడా అంతకు ముందు చేత్తో ముక్కలు పట్టుకోలేదు. "పత్తాలంటే మొగోళ్లవి కదనే" అంది నర్సింగ్ ఆమె, ముక్కలు రెండు చేతుల్లో ప్లేటులా పట్టుకుని.

ఆటలో ఐదు పనుల పేర్లు ఇంగ్లిష్‌లో ఎక్స్‌ప్లోర్, డెవలప్, సెటిల్, కన్జ్యూమ్, ప్రొడ్యూస్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నాకు ఆ మాటలు చాలు, వాళ్లకీ అర్థాలు తెలుసు. అయినా నేను చెప్తుంటే క్లాస్‌లో పీపీటీ విన్నట్టు చూస్తున్నారు. పుస్తకం తెలుగులో చూస్తే అన్వేషణ, అభివృద్ధి, స్థిరనివాసం, వినియోగం, ఉత్పత్తి. అది సోషల్ గైడ్‌లో ఐదు మార్కుల ప్రశ్న. అట్ల కాదని ఇంట్లో మాట్లాడే భాషలోకి దిగాను: వెతుకుడు, కట్టుడు, దిగుడు, అమ్ముడు, పండిచ్చుడు. ఐదు మాటలు, ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఎవరూ పీపీటీ ముఖం పెట్టలేదు.

అందరికీ ఒకరి పని ఎందుకు జరుగుతుందో చెప్పడానికి వరికోత మిషన్ పనికొచ్చింది. ఊళ్లోకి ఒకరు మిషన్ పిలిపిస్తే పక్క పొలాలవాళ్లు కూడా కోయించుకుంటారు కదా. పిలిచినాయన పొలం ముందు కోస్తారు, అదే ఆయన లాభం. మిషన్ ఎట్లాగూ పక్కాయన పిలుస్తాడని తెలిస్తే మనం ఫోన్ బిల్లు దండగ చేసుకోం, ఆ టైంలో ట్రాక్టర్ మాట్లాడుకుంటాం. ఆటలో సగం వ్యూహం ఇదే. "గింతేనా?" అంది బిల్లింగ్ ఆమె. గింతే.

"దిగుడు" అనే మాటకి మాత్రం పోటీ వచ్చింది. గ్రూప్స్ ఆమె అది ఒప్పుకోలేదు. "సెటిల్ అనే ఉంచే. ఇంట్ల అందరు ఎప్పుడు సెటిల్ అయితవ్ అని అడుగుతున్నరు. గీ గ్రహం మీదన్న సెటిల్ అయిన అని చెప్త." ఆ రోజంతా ఆమె సెటిల్ ముక్కనే వేసింది. పన్నెండు గ్రహాలు పరిచి చివరి స్థానంలో నిలిచింది. అన్నీ చిన్న చిన్న గ్రహాలు, ఒకటీ రెండూ పాయింట్లవి. లెక్క చూసి, "సెటిల్ అయితే సరిపోదన్నమాట" అని నవ్వింది. రెండో ఆటకి మళ్లీ కూర్చుంది.

వాళ్ల పెద్ద కంప్లైంట్ ఏంటంటే ఎవరినీ కొట్టడానికి లేదు. ఫోన్‌లో బీజీఎంఐ ఆడే అలవాటు మరి. మిలిటరీ గ్రహాలున్నాయి, బలం ఉంటే ముక్కలు కట్టకుండానే గెలుచుకోవచ్చు. కానీ పక్కవాళ్ల గ్రహం ఎప్పటికీ లాక్కోలేం. అది ఆటకి లోపమని డాబా మీద ముగ్గురూ తీర్పు చెప్పేశారు. నేనూ పెద్దగా వాదించలేదు.

మానుకోట

మహబూబాబాద్‌ని మా ఇంట్లో ఎవరూ మహబూబాబాద్ అనరు. మానుకోటే. జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్, కేసముద్రం దాటాక వస్తుంది. అమ్మమ్మ వాళ్ల ఊరు.

మా తాత పత్తాలు ఆడేవాడు. మామూలు రోజుల్లో పదమూడు ముక్కలాట, పండుగ రోజుల్లో మూడు ముక్కలాట. స్టేషన్ అవతల ఎకరంన్నర చెలక, ఒక జత ఎడ్లు అట్లనే పోయాయి. మా అమ్మ చదువు పదో తరగతితో ఆగింది కూడా అప్పుడే. తాత పోయి పన్నెండేళ్లయింది. అమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లలో మగవాళ్లు చాప పరిచి కూర్చుంటే ఆ గదిలోకి అడుగు పెట్టదు. నా ఫోన్‌లో రమ్మీ యాప్ యాడ్ వస్తే మొహం తిప్పుకుంటుంది. ఊనో కూడా మా గడప దాటలేదు.

ఇంకో విషయం ఉంది. రమ్మీ జూదమా కాదా అని మన దగ్గర పాత కేసే నడిచింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో కోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకని. మూడు ముక్కలాటని అందులో కలపలేదు. తర్వాత 2017లో తెలంగాణ ప్రభుత్వం తన గేమింగ్ చట్టాన్ని మార్చి, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించింది. నైపుణ్యం ఉన్న ఆటే ఎడ్లని తీసుకుపోగలదు. రెండూ నిజమే. మా ఇంట్లో రెండోది మాత్రమే గుర్తుంది.

అందుకని డబ్బా బ్యాగులో పెట్టే ముందే అమ్మమ్మకి ఫోన్ చేశాను. "ముక్కలుండే ఆట ఒకటి తెస్త అమ్మమ్మా. పైసలుండయి. నువ్వు వద్దంటే తేను." అటువైపు కాసేపు ఏం లేదు. "తే బిడ్డా, చూద్దాం" అంది.

మొదటి ఆట మామ, అత్తమ్మ, నేను ఆడాం. అమ్మమ్మ గడప దగ్గర కూర్చుంది, చేటలో బియ్యం పెట్టుకుని. సగం ఆటలో చెయ్యి ఆగిపోయింది. "గా ముక్కలెందుకు పారేస్తున్నవ్?" అని అడిగింది.

"కట్టాలె కద అమ్మమ్మా. ఈ గ్రహం ఖరీదు మూడు. మూడు ముక్కలు పోతయి."

"పైసలు లేవు?"

"లేవు. చేతిల ఉన్నయే పైసలు."

"పక్కోని ముక్కలు గుంజుకునేది ఉంటదా?"

"ఉండది. ఎవలది వాళ్లే కట్టుకోవాలె."

"ఆట అయినంక?"

"అన్ని డబ్బల పడుతయి. మల్ల అందరికి సమానంగ పంచుడే."

అమ్మమ్మ చేట పక్కన పెట్టింది. "నాగ్గూడ ఎయ్యి."

జనగామలో లోపమని తేల్చిన సంగతే ఇక్కడ తలుపు తీసింది. ఎవరూ ఎవరినీ దోచుకోలేరు, పోయినవి పొద్దుగూకేసరికి డబ్బాలోకి తిరిగి వస్తాయి. అమ్మమ్మకి కావాల్సిన గ్యారంటీ అదొక్కటే.

అమ్మమ్మకి ఇంగ్లిష్ రాదు. ఈ ఆటకి అది అంత అడ్డం కాదు. ముక్కల మీద ఎక్కువగా బొమ్మ గుర్తులే ఉంటాయి. గుండ్రంగా ఉంటే గ్రహం, వజ్రంలా ఉంటే కట్టడం. లోపల అంకె ఖరీదు. ఈ గుర్తులు ఎక్కువైపోయాయని, నేర్చుకోవడం కష్టమని చదువుకున్న ఆటగాళ్లే తిట్టుకుంటారు. చదువు రాని మనిషికి మాత్రం అక్షరాల కంటే గుర్తులే నయం. ఎన్నికల్లో ఇన్నేళ్లుగా గుర్తు చూసే కదా ఓటేసింది. ఆరు ఖరీదున్న కట్టడాల మీద మాత్రం రాత ఉంటుంది. అవి వస్తే అత్తమ్మ చెవిలో చదివి చెప్పింది. అత్తమ్మ తనకి పోటీ అని ఇద్దరూ మర్చిపోయారు.

రెండో ఆటలో అమ్మమ్మ మూడో స్థానం. మూడో ఆటలో 34 పాయింట్లతో మొదటి స్థానం. నాకు 29.

ఎట్ల గెలిచిందో నేను చూస్తూనే ఉన్నాను. రమ్మీలో పడిన ముక్కలు అందరికీ కనిపిస్తాయి. ఈ ఆటలో పారేసినవి బోర్లా పడతాయి, కనిపించవు. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి అమ్మమ్మ ముక్కల్ని చూడటం మానేసి మనుషుల్ని చూసింది. మామ చేతిలో ముక్కలు గుత్తిగా నిండితే ఆయన కట్టుడు పిలుస్తాడు. అత్తమ్మ గ్రహాల మీద సరుకు పేరుకుంటే ఆమె అమ్ముడు పిలుస్తుంది. ఆ రెండూ ఎట్లాగూ జరుగుతాయి కాబట్టి అమ్మమ్మ ఎప్పుడూ మూడోది పిలిచేది.

నేను ఈ ఆట నేర్చుకుంది ఫోన్ యాప్‌లో, ఏఐతో ఆడి. ఆ ఏఐని కెల్డన్ జోన్స్ అనే ప్రోగ్రామర్ రాశాడు. అదొక న్యూరల్ నెట్‌వర్క్. తనతో తాను వేల ఆటలు ఆడుకుంటూ నేర్చుకున్న రకం. 1990ల మొదట్లో ఐబీఎంలో జెరాల్డ్ టెసావ్రో బ్యాక్‌గామన్ కోసం చేసిన టీడీ గామన్ బాటే అది. మన సిలబస్‌లో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లర్నింగ్ చాప్టర్‌లో ఆ పేరు తగులుతుంది. ఎదుటివాళ్లు ఏ పని ఎంచుకుంటారో దానికి ఒక నెట్‌వర్క్ అంచనా వేయాలి. అమ్మమ్మని అడిగితే తన ట్రైనింగ్ డేటా చెప్పింది.

"ఎన్కట గీ గడప కాడనే కూసునేదాన్ని. ఎవలు ఏం ఎత్తుకున్నరు, ఎవని మొఖం ఎట్లయింది, అన్ని కనవడేవి. మీ తాత ఓడిపోతడని నాకు ముందే ఎరుకయ్యేది. లే, లేచిరా అని సైగ చేస్తుంటి. ఆడదానికి పత్తాల సంగతేం తెల్సు అనేటోడు."

మామ ముక్కలు సర్దుతున్నాడు. చెయ్యి ఆగింది కానీ తల ఎత్తలేదు. అమ్మమ్మే "ఇంకొక్కటి పంచురా" అంది.

ఆ రాత్రి మామ అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాడు. నేను ఇవతల ఉన్నాను. అమ్మ ఏమందో వినపడలేదు.

భూపాలపల్లి

భూపాలపల్లికి రైలు లేదు. హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోవాలి. చిన్నాన్న సింగరేణిలో పని చేస్తాడు, అండర్‌గ్రౌండ్. అక్కడ గనిని బాయి అంటారు. కేటీకే అనే పేర్లతో ఉండే బాయిలు. కేటీకే అంటే కాకతీయ ఖని. ఆ పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు, 1100 మెగావాట్లది. ఈ ఎండలకి మన హాస్టల్‌లో ఫ్యాన్ తిరిగేది ఇట్లాంటి చోట్ల తవ్విన బొగ్గుతోనే.

ఆ వారం ఆయనకి సెకండ్ షిఫ్ట్. కాబట్టి క్వార్టర్‌లో పొద్దున టిఫిన్ అయ్యాక ఆడేవాళ్లం. చిన్నాన్న, చిన్నమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను. ఐదు మాటలు ఇక్కడ కూడా చెల్లాయి. ఒక్కటే మార్పు, "దిగుడు" అనగానే చిన్నాన్న నవ్వాడు. "మాకు రోజు దిగుడే."

గ్రహాల్లో నాలుగు రంగుల సరుకు ఉంటుంది. నీలం విలాస వస్తువులు, అమ్మితే రెండు ముక్కలొస్తాయి. గోధుమ రంగు అరుదైన ఖనిజాలు, మూడు. ఆకుపచ్చ జన్యువులు, నాలుగు. పసుపు ఏలియన్ టెక్నాలజీ, ఐదు. ఎక్కువ రేటు పలికే పసుపు కోసం అందరూ ఎగబడతారు. చిన్నాన్న గోధుమ రంగు దాటి పోలేదు. "తెల్సిన పని చేస్కోవాలె" అన్నాడు.

ఆయన చేతిలో ఎప్పుడూ రెండు ముక్కలు మిగిలుండేవి. అన్నీ ఖర్చు పెడితే ఇంకో మంచి గ్రహం వచ్చేదని నేను చూపిస్తే, తల అడ్డంగా ఊపాడు. "ఉన్నదంత ఊడ్చిపెట్టద్దు. మీద ఏం పడ్తదో ఎవనికి ఎరుక." బాయిలో పైకప్పు గురించి మాట్లాడే మనిషి అదే గొంతుతో ముక్కల గురించి మాట్లాడాడు. ఆ రెండు ముక్కల వల్ల ఆయన కొన్ని ఆటలు ఓడిపోయాడు. అయినా వదల్లేదు. ఆటకి అది తప్పు ఎత్తు కావచ్చు. ముప్పై ఏళ్లు రోజూ దిగి రోజూ పైకొచ్చిన మనిషికి నేను చెప్పేదేముంది.

మైనింగ్ రోబోట్స్ అని ఒక కట్టడం ముక్క ఉంది. అది వేస్తే గోధుమ రంగు గ్రహాల ఖరీదు తగ్గుతుంది. చిన్నాన్నకి అంతకంటే మంచి ముక్క లేదు. నేను దాని పని చెప్పగానే తమ్ముడు అందుకున్నాడు. "రోబోలు తవ్వితే మరి మనుషులేం జేస్తరు నాన్నా?"

చిన్నాన్న ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాకాడ మిషన్ దించినప్పుడు గూడ ఖర్చు తగ్గుతదనే చెప్పిన్రు. తగ్గింది. మంది గూడ తగ్గిన్రు." కాసేపు ఆగి ముక్క ముందర పెట్టాడు. "ఆటల అయితే ఏస్త. ఆడ మాత్రం యూనియన్ ఎంబడి జెండ పట్టుకుంట."

ఆయన ఈ ఆట మీద పెట్టిన కంప్లైంట్ ఇంకోటి. పన్నెండు ముక్కలకే అయిపోవడం. "ఇప్పుడిప్పుడే పని మొదలయితది, అప్పుడే బంద్" అన్నాడు. చిన్నమ్మ కూడా అదే మాట. దాంతో భూపాలపల్లిలో పదిహేను ముక్కల ఆట మొదలైంది. రేస్ అనే పేరు దానికి ఇక సరిపోదు, అందరూ తీరిగ్గా కట్టుకున్నారు. హాస్టల్‌లో ఎవరైనా ఇట్లా రూల్ మారిస్తే పెద్ద గొడవ అయ్యేది. అక్కడ పదకొండుకల్లా చిన్నాన్న క్యారియర్ రెడీ కావాలనే రూల్ ఒక్కటే మార్చడానికి వీల్లేనిది.

ఆ తొమ్మిది మందిలో ఎవరూ రూల్ బుక్ తెరవలేదు. లెక్క ప్రకారం అందరూ క్యాజువల్సే. కానీ ఒకరికి సెటిల్ అనే మాట బరువు తెలుసు, ఒకరికి ఓడిపోయే మొహం ఎట్లా ఉంటుందో తెలుసు, ఒకరికి చేతిలో రెండు మిగుల్చుకోవడం తెలుసు. వీటిని వాళ్లు ఆటలోకి తెచ్చుకున్నారు. వాళ్ల దగ్గర లేనిది ఆ ఐదు పనులకి పేర్లు మాత్రమే. ఆ పేర్లు మన ఇళ్లలోనే ఉన్నాయి. మీ ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు. శ్రీకాకుళం వాళ్లు, అనంతపురం వాళ్లు పండిచ్చుడుని ఏమంటారో మన క్లబ్ వాళ్లు చెప్తే రాసి పెట్టుకుంటాను. ఏలియన్ టెక్నాలజీకి మాత్రం ఇంకా ఏ ఊళ్లోనూ మాట దొరకలేదు. చిన్నమ్మ దాన్ని "పచ్చది" అంటే జన్యువులతో గందరగోళం అయింది, పసుపు ముక్కకి మా ఊళ్లల్లో పచ్చది అనే పేరు మరి.

ఇంటికొచ్చాక డబ్బాని బ్యాగులోనే ఉంచాను. అమ్మ రెండు రోజులు ఏమీ అడగలేదు. మూడో రోజు బట్టలు మడత పెడుతూ, "అమ్మ నిజంగ గెల్సిందా?" అంది.

"34 పాయింట్లు" అన్నాను.

"లెక్క నువ్వే చేసినవా?"

"మామ చేసిండు."

అమ్మ ఇంకో రెండు చీరలు మడత పెట్టింది. ఆటలో ఏమేముంటాయని అడగలేదు, ముక్కలు చూపించమని కూడా అనలేదు. కాలేజీకి బయల్దేరే రోజు మాత్రం బ్యాగు సర్దుతూ ఒక మాట చెప్పింది. "దసరాకి మానుకోట పోతం గద. అప్పుడు గది తెచ్చుడు మర్చిపోకు."